క్యారేజీ కట్టుకొచ్చే సాఫ్ట్‌వేర్: ఒక కాలేజీ ల్యాబ్‌లో స్నాప్, ఫ్లాట్‌ప్యాక్, యాప్‌ఇమేజ్

2023 జూన్‌లో కాలేజీ తెరిచిన మొదటి సోమవారం. పొద్దున్న తొమ్మిదింబావుకి మా ల్యాబ్ అసిస్టెంట్ ఫోన్ చేశాడు. "అన్నా, ఫైర్‌ఫాక్స్ నొక్కితే గుండ్రంగా ఓసారి తిరిగి ఆగిపోతోంది. ఒక్క సిస్టమ్ కాదన్నా, అన్నీ అంతే." వేసవి సెలవుల్లో రెండు ల్యాబుల్లోని 64 సిస్టమ్‌లనీ ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 20.04 నుంచి 22.04కి మార్చింది నేనే. ప్రతి దాంట్లోనూ అడ్మిన్ లాగిన్‌తో ఫైర్‌ఫాక్స్ తెరిచి చూశాను కూడా. అప్పుడు ఒక్కటీ మొరాయించలేదు. పిల్లలు తమ లాగిన్‌లతో కూర్చునేసరికి ఒక్కటీ తెరుచుకోలేదు.

ఆ రోజు మొదలైన పని రెండేళ్లు సాగింది. తనకి కావలసిన లైబ్రరీలన్నీ (ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ముక్కలు) తనతోనే మోసుకొచ్చే స్నాప్, ఫ్లాట్‌ప్యాక్, యాప్‌ఇమేజ్ ప్యాకేజీల వల్ల డెస్క్‌టాప్‌ల మీద, సర్వర్ మీద మాకు ఏం కలిసొచ్చింది, ఎక్కడ దెబ్బ తగిలింది, చివరికి దేన్ని ఎక్కడ ఉంచాం అన్నది ఇక్కడ రాస్తున్నాను. మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి ల్యాబులు బోలెడు. చాలా చోట్ల అన్నీ చూసుకునేది ఒక్కరే. వాళ్లకి పనికొస్తుందనే ఈ రాత.

మా దగ్గర ఉన్న సరంజామా

గోదావరి జిల్లాల్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ మాది. 64 సిస్టమ్‌లలో నలభైకి 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్. మిగతా వాటికి 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. విద్యార్థుల హోమ్ డైరెక్టరీలన్నీ ఒక ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ మీద ఉంటాయి. ఎవరు ఏ సిస్టమ్ ముందు కూర్చున్నా వాళ్ల ఫైళ్లు వాళ్లకి కనిపిస్తాయి, ఒక్కొక్కరికి 1 జీబీ కోటా. ఇంకో సర్వర్ మీద పరీక్షలకి మూడుల్, లైబ్రరీకి కోహా నడుస్తాయి. ఇంటర్నెట్ లైను ఒక్కటే, సాయంత్రమైతే హాస్టల్ కూడా దాని మీదే.

ఇంతకుముందు అన్నీ డెబ్ ప్యాకేజీలే, అంటే ఆప్ట్ అనే పనిముట్టుతో దించి ఎక్కించే ఉబుంటు మామూలు రకం. ల్యాబ్ మూలన ఒక పాత సిస్టమ్ మీద ఆప్ట్-కేషర్-ఎన్‌జీ నడిపేవాణ్ణి. ఏ ప్యాకేజీ అయినా బయటి నుంచి ఒక్కసారే దిగేది, మిగతా 63 సిస్టమ్‌లూ దాని దగ్గర నుంచి తీసుకునేవి. ఈ ఏర్పాటు విలువ ఎంతో అది పోయాకే తెలిసింది.

ఫైర్‌ఫాక్స్ ఎందుకు తెరుచుకోలేదు

టెర్మినల్‌లోంచి నడిపిస్తే ఒక్క లైను వచ్చింది: యూజర్ డేటా డైరెక్టరీ తయారు చేయడం కుదరలేదు, అనుమతి లేదు. సహజంగానే ఎన్‌ఎఫ్‌ఎస్ మీద అనుమానం వచ్చింది. ఎక్స్‌పోర్ట్ సెట్టింగులు, గ్రూపులు, కోటాలు అన్నీ వెతికాను. మధ్యాహ్నం దాకా అందులోనే పోయింది. అదే డైరెక్టరీలో అదే విద్యార్థి లాగిన్‌తో చేత్తో ఫోల్డర్ తయారు చేస్తే చక్కగా తయారవుతోంది. ఫైర్‌ఫాక్స్‌కి మాత్రం అనుమతి లేదు.

కెర్నల్ లాగ్ చూశాక విషయం బయటపడింది. అడ్డుకుంటున్నది యాప్‌ఆర్మర్, అంటే ఏ ప్రోగ్రాము ఏ ఫైళ్లని ముట్టుకోవచ్చో కట్టడి చేసే భద్రతా ఏర్పాటు. ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా మాత్రమే వస్తుంది. ఆప్ట్‌లో కనిపించే ఫైర్‌ఫాక్స్ ప్యాకేజీ ఉత్త గుమ్మం, లోపలికి వెళ్తే స్నాప్‌నే దించుతుంది. ప్రతి స్నాప్ చుట్టూ యాప్‌ఆర్మర్ ఒక కంచె కడుతుంది. యూజర్ హోమ్ అంటే హోమ్ డైరెక్టరీ కింద సరిగ్గా ఒక మెట్టు దిగితే ఉండేది అని ఆ కంచె లెక్క. మా విద్యార్థుల హోమ్‌లు రెండు మెట్లు కింద ఉన్నాయి: హోమ్, దాని కింద స్టూడెంట్స్ అనే డైరెక్టరీ, ఆ కింద రోల్ నంబరు. కంచె దృష్టిలో అది ఎవరి ఇల్లూ కాదు. నా అడ్మిన్ లాగిన్ ఒక మెట్టు కిందే ఉంది కాబట్టి సెలవుల్లో నేను చేసిన పరీక్షలన్నీ పాసయ్యాయి.

మందు చాలా చిన్నది. యాప్‌ఆర్మర్ ప్యాకేజీని రీకాన్ఫిగర్ చేస్తే అదనపు హోమ్ డైరెక్టరీలు ఏమన్నా ఉన్నాయా అని అడుగుతుంది. అక్కడ స్టూడెంట్స్ డైరెక్టరీ పేరు రాయాలి. దాన్నే ఆన్సిబుల్‌తో 64 సిస్టమ్‌లకీ పంపాను. మూడున్నరకి బ్రౌజర్లు తెరుచుకున్నాయి. స్నాప్‌లని నడిపించే స్నాప్‌డీ 2.59 వెర్షన్ నుంచి ఈ పనికి దానిలోనే ఒక సెట్టింగు వచ్చింది. మీ దగ్గర హోమ్‌లు వేరే చోట ఉంటే ముందు అది చూడండి. రోల్ నంబరుతో లాగిన్ అయి పరీక్షించడం ఆ రోజు నుంచి మా చెక్‌లిస్టులో మొదటి గడి.

మర్నాడే ఇంకోటి. "డిస్క్ ఫుల్" అంటూ కోటా హెచ్చరికలు. స్నాప్ ఫైర్‌ఫాక్స్ మొదటిసారి తెరిచినప్పుడు పాత ప్రొఫైల్‌ని తన సొంత స్నాప్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుంటుంది. పాతదాన్ని అలాగే ఉంచేస్తుంది. 1 జీబీ కోటాలో ఒకే ప్రొఫైల్ రెండు సార్లు కూర్చుంది. పైగా నా పర్యవేక్షణ స్క్రిప్టు లూప్ డివైసులన్నీ (స్నాప్‌లు డిస్కుల్లా కనిపించే చోట్లు) వంద శాతం నిండిపోయాయని గంటకోసారి మెయిల్ పంపడం మొదలుపెట్టింది. స్నాప్ అనేది స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌గా కుదించిన, చదవడానికి మాత్రమే వీలైన ఒక డిస్క్ ఇమేజ్. దాంట్లో ఖాళీ అనేది ఉండదు, ఎప్పుడు చూసినా నిండుగానే కనిపిస్తుంది. స్క్రిప్టులో ఆ రకం ఫైల్‌సిస్టమ్‌ని వదిలేయమని చెప్పాక మెయిళ్లు ఆగాయి.

మెస్సు, క్యారేజీ

మా హాస్టల్ పిల్లలకి నేను చెప్పే పోలిక ఇది. డెబ్, ఆర్‌పీఎం (వేరే లినక్స్‌లలో డెబ్ లాంటిది) పద్ధతి మెస్సు భోజనం లాంటిది. పప్పు ఒకే గుండిగలో ఉడుకుతుంది, అందరూ అదే తింటారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లాంటి లైబ్రరీ సిస్టమ్ మొత్తానికి ఒక్కటే ఉంటుంది, అన్ని ప్రోగ్రాములూ దాన్నే వాడుకుంటాయి. అందులో లోపం దొరికితే వంటవాడు ఒక్క గుండిగ మారుస్తాడు, అందరికీ బాగుపడుతుంది. కానీ ఒకడికి ఈ రోజు సాంబారు వేరేలా కావాలంటే కుదరదు.

స్నాప్, ఫ్లాట్‌ప్యాక్, యాప్‌ఇమేజ్ క్యారేజీలు. ఎవరి కూర వాళ్లు ఇంటి నుంచి కట్టుకొస్తారు. మెస్సులో ఏం వండారన్నదాంతో పని లేదు. ఒకడి క్యారేజీ పాడైతే పక్కవాడికి ఇబ్బంది లేదు. కానీ అందరి క్యారేజీల్లోనూ ఒకే కొట్టులో కొన్న చెడిపోయిన పచ్చడి ఉంటే, ఒక్కో గిన్నె విప్పి చూడాలి.

మూడింటికీ తేడాలున్నాయి. స్నాప్‌ని కెనానికల్ సంస్థ తయారు చేసింది, ఉబుంటు 16.04తో బాగా జనంలోకి వచ్చింది. డెస్క్‌టాప్ అప్లికేషన్లే కాకుండా సర్వర్‌లో వెనక నడిచే సర్వీసులని కూడా కడుతుంది, తనంతట తానే అప్‌డేట్ అవుతుంది. ఫ్లాట్‌ప్యాక్ మొదటి పేరు ఎక్స్‌డీజీ-యాప్. 2016లో పేరు మారింది, 2018లో 1.0 వచ్చింది. అది డెస్క్‌టాప్ అప్లికేషన్ల కోసమే. అన్నీ ఒక్కో అప్లికేషన్ మోయకుండా, చాలా అప్లికేషన్లు కలిసి వాడుకునే రన్‌టైమ్ అనే మధ్య పొర దానికి ఉంటుంది. క్యారేజీల్లో కూరలు ఎవరివి వాళ్లవి, అన్నం మాత్రం ఒకే డేగిశాలోది అన్నమాట. యాప్‌ఇమేజ్ అన్నిటికంటే తేలిక. ఒక్క ఫైలు. నడిపే అనుమతి ఇచ్చి నొక్కితే చాలు, ఇన్‌స్టాల్ చేయడం అంటూ లేదు. దాని చుట్టూ కంచె కూడా లేదు.

కలిసొచ్చినది

మొదటి వారం కష్టాలు చూసి స్నాప్‌లన్నీ పీకేసి పాత పద్ధతికే పోదామనిపించింది. ఆగడానికి కారణం ఈసీఈ డిపార్ట్‌మెంట్ మేడమ్ ఇచ్చిన ఒక పెన్‌డ్రైవ్. అందులో పీసీబీ డిజైన్ వర్క్‌షాప్ ఫైళ్లు. "బాబూ, ఇవి తెరుచుకోవడం లేదు, గురువారం వర్క్‌షాప్ ఉంది," అన్నారావిడ. ఫైళ్లు కైక్యాడ్ అనే సర్క్యూట్ బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ 7వ వెర్షన్‌లో చేసినవి. ఆ వెర్షన్ 2023 ఫిబ్రవరిలో వచ్చింది. ఉబుంటు 22.04 భాండాగారంలో ఉన్నది కైక్యాడ్ 6. ఆరులో చేసింది ఏడులో తెరుచుకుంటుంది, ఏడులో చేసింది ఆరులో తెరుచుకోదు.

పాత రోజుల్లో ఇలాంటప్పుడు పీపీఏ (బయటివాళ్లు నడిపే అదనపు ప్యాకేజీల భాండాగారం) చేర్చేవాణ్ణి. ఆ దారి ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. 18.04 రోజుల్లో ఒక్కో డిపార్ట్‌మెంట్ కోసం ఒక్కో పీపీఏ చేరుస్తూ పోతే, 20.04కి మారేటప్పుడు ఏ లైబ్రరీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక ఇరవై సిస్టమ్‌లలో అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోయింది. అన్నీ ఫార్మాట్ చేసి మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది.

ఈసారి ఫ్లాట్‌ప్యాక్‌లు దొరికే ఫ్లాట్‌హబ్ నుంచి కైక్యాడ్ 7 ఫ్లాట్‌ప్యాక్ దించాను. ఆప్ట్‌లోని కైక్యాడ్ 6 అలాగే ఉంది, రెండూ పక్కపక్కనే తెరుచుకున్నాయి. సిస్టమ్‌లోని ఒక్క లైబ్రరీ కూడా కదలలేదు. బుధవారం సాయంత్రానికి ల్యాబ్ సిద్ధం. వర్క్‌షాప్ తర్వాత తీసేస్తే ఆనవాలు కూడా మిగలకుండా పోతుంది, పాత కమిట్‌కి (వెర్షన్‌కి) వెనక్కి వెళ్లాలన్నా వెళ్లొచ్చు. ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు ఉన్న) సిస్టమ్‌ని కదపకుండా కొత్త అప్లికేషన్ నడపడం అన్నది ల్యాబ్ నడిపేవాడికి మామూలు సౌకర్యం కాదు. నాకు అది ఒక సెమిస్టర్ ప్రశాంతత ఇచ్చింది.

యాప్‌ఇమేజ్ ఇంకో రకంగా ఆదుకుంది. మెకానికల్ వాళ్లకి ఫ్రీక్యాడ్ కొత్త వెర్షన్ కావాలి. ఫ్రీక్యాడ్ ప్రాజెక్టే అధికారికంగా యాప్‌ఇమేజ్ ఇస్తుంది. ఆ ఒక్క ఫైలునీ ఎన్‌ఎఫ్‌ఎస్‌లో చదవడానికి మాత్రమే వీలున్న ఫోల్డర్‌లో పెట్టాను, 64 సిస్టమ్‌లలోనూ ఒక మెనూ ఐకాన్ పెట్టాను. ఇన్‌స్టాలేషన్ అంతే. కొత్త వెర్షన్ వస్తే ఆ ఫైలు పక్కన కొత్త ఫైలు పెడతాను, ఐకాన్ దారి మారుస్తాను, పాతదాన్ని సెమిస్టర్ ముగిసేదాకా ఉంచుతాను. ఒక్క ఇబ్బంది ఎదురైంది. చాలా యాప్‌ఇమేజ్‌లకి, ఆ ఫైలుని డిస్కులా తెరిచి చూపించే ఫ్యూజ్ రెండో వెర్షన్ లైబ్రరీ కావాలి, ఉబుంటు 22.04లో అది మొదటి నుంచీ ఉండదు. ఆప్ట్‌తో వేసుకోవాలి. అన్నీ తనలోనే ఉన్నాయనుకునే ఫైలుకి కూడా కింద ఒక ఆధారం కావాలని అప్పుడు తెలిసింది.

ఇంటర్నెట్ లైను, సమయం

ఆప్ట్-కేషర్-ఎన్‌జీకి స్నాప్‌లతో, ఫ్లాట్‌ప్యాక్‌లతో సంబంధం లేదు. ఫైర్‌ఫాక్స్ స్నాప్ దాదాపు 250 ఎంబీ. తేడా భాగాన్ని మాత్రమే దించే డెల్టా పద్ధతి స్నాప్‌కి ఉంది, కానీ డెల్టా దొరకనప్పుడు మొత్తం దిగుతుంది. 64 సిస్టమ్‌లు విడివిడిగా దించితే 16 జీబీ. అది కూడా మనం చెప్పిన వేళకి కాదు. స్నాప్‌డీ మామూలుగా రోజుకి నాలుగు సార్లు అప్‌డేట్‌ల కోసం చూస్తుంది. పొద్దున్న పదింటికి ల్యాబ్‌లో సిస్టమ్‌లన్నీ ఒకేసారి ఆన్ చేస్తే, ఆ అరగంటా ఆన్‌లైన్ కంపైలర్ పేజీ కూడా తెరుచుకునేది కాదు.

రిఫ్రెష్ టైమర్‌ని ఆదివారం తెల్లవారుజాముకి మార్చాను. ఆదివారం ల్యాబ్ కరెంటే ఉండదు కదా అని తర్వాత తట్టింది. శుక్రవారం సాయంత్రం నాలుగున్నర, ఐదున్నర మధ్యకి మార్చాను, ఆ గంట సిస్టమ్‌లు ఆపొద్దని ల్యాబ్ అసిస్టెంట్‌కి చెప్పాను. పెద్ద స్నాప్‌లని మాత్రం ఒక చోట దించి, దాంతో వచ్చే అసర్షన్ (డిజిటల్ సంతకం) ఫైలుని కలిపి ల్యాబ్ నెట్‌వర్క్ లోపలి నుంచే ఎక్కించాను. ఇలా ఎక్కిస్తే సంతకం సరిచూసుకుంటుంది, ఆ తర్వాతి అప్‌డేట్‌లు కూడా మామూలుగానే వస్తాయి. అప్‌డేట్‌ని నిరవధికంగా ఆపే హోల్డ్ సదుపాయం స్నాప్‌డీ 2.58తో వచ్చింది. అంతకుముందు అలా పూర్తిగా ఆపడం కుదిరేది కాదు. ఎంతో మంది సిస్టమ్ అడ్మిన్లు ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన సదుపాయం అది.

పాత హార్డ్ డిస్క్ సిస్టమ్‌లలో ఫైర్‌ఫాక్స్ మొదటిసారి తెరుచుకోవడానికి పట్టే సమయం అందరూ చెప్పుకునే ఫిర్యాదే. కుదించిన ఇమేజ్‌ని అప్పటికప్పుడు విప్పుతూ చదవాలి మరి. ఎక్స్‌జెడ్ బదులు ఎల్‌జెడ్‌ఓ కుదింపుకి మారాక కొంత తగ్గింది. ఎస్‌ఎస్‌డీ ఉన్న సిస్టమ్‌లలో తేడా కనిపించదు, 4 జీబీ హార్డ్ డిస్క్ సిస్టమ్‌లలో పిల్లలు రెండోసారి, మూడోసారి నొక్కేసేవాళ్లు. అప్లికేషన్ తెరిచి ఉండగా అప్‌డేట్ వస్తే "మూసేయండి, ఇన్ని రోజులు మిగిలాయి" అని ఒక నోటిఫికేషన్ వస్తుంది. పద్నాలుగు రోజుల గడువు. మొదటిసారి చూసిన ఒకమ్మాయి తన ప్రాజెక్టు పోతుందేమోనని భయపడి నా గదికి పరిగెత్తుకొచ్చింది. అది మాకు ఒక పాఠం. ఇప్పుడు మొదటి ల్యాబ్ క్లాసులోనే ఆ నోటిఫికేషన్ బొమ్మ చూపించి చెబుతున్నాం.

తెలుగు ఎక్కడికి పోయింది

కాలేజీ సాహిత్య సంఘం పిల్లలు ఏటా ఒక తెలుగు సంచిక తెస్తారు, లిబ్రేఆఫీస్‌లో పేజీలు కడతారు. కొత్త వెర్షన్ కోసం వాళ్లకి ఫ్లాట్‌ప్యాక్ ఇచ్చాను. లాగిన్ భాష తెలుగు, డెస్క్‌టాప్ మెనూలన్నీ తెలుగు, లిబ్రేఆఫీస్ మెనూలు మాత్రం ఇంగ్లిష్. ప్యాకేజీలో తెలుగు అనువాదమే లేదేమో అనుకున్నారు.

ఉంది. ఫ్లాట్‌ప్యాక్ అన్ని భాషల అనువాదాలూ దించదు, సిస్టమ్ భాష ఏదో చూసి అంతవరకే దించుతుంది. జాగా ఆదా కోసం చేసిన మంచి ఏర్పాటే. నేను 64 సిస్టమ్‌లకీ వాడిన మూల ఇమేజ్ భాష ఇంగ్లిష్ కాబట్టి తెలుగు భాగం దిగనే లేదు. ఫ్లాట్‌ప్యాక్ సెట్టింగులో భాషల జాబితాకి ఇంగ్లిష్‌తో పాటు తెలుగు చేర్చి అప్‌డేట్ చేస్తే, తర్వాత ఆ అప్లికేషన్ తెలుగులో తెరుచుకుంది. తెలుగు డెస్క్‌టాప్ వాడే ఎవరికైనా ఇది ఎదురయ్యేదే, కానీ వెతికితే తేలిగ్గా దొరకదు. అందుకే ఇక్కడ ఇంత వివరంగా రాశాను. ఫాంట్ల సంగతి అనుకున్నంత కష్టం కాలేదు. సిస్టమ్‌లో ఉన్న తెలుగు ఫాంట్లని ఫ్లాట్‌ప్యాక్ లోపలికి చూపిస్తుంది.

సర్వర్ మీద జరిగినది

ఇది రాయడం కష్టంగా ఉంది, అయినా రాయాలి. 2023 నవంబరులో మిడ్ పరీక్ష మూడుల్ మీద. పదకొండు గంటలకి మొదలైంది. పదకొండూ ఇరవైకి పేజీ పోయింది. రెండో సంవత్సరం పిల్లలు అరవై మంది స్క్రీన్ల ముందు కూర్చుని ఉన్నారు.

ఆ సర్వర్‌ని అంతకు ఏడాది ముందు ఎక్కించాం. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్ చివర్లో కొన్ని స్నాప్‌ల జాబితా చూపిస్తుంది, కావాలంటే టిక్ పెట్టుకోవచ్చు. అందులో డాకర్ (ప్రోగ్రాములని కంటైనర్లనే విడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) ఉంది, టిక్ పెట్టాం. మూడుల్, దాని డేటాబేస్ కంటైనర్లుగా అందులో నడిచేవి. ఆ రోజు డాకర్ స్నాప్‌కి కొత్త వెర్షన్ వచ్చింది, తనంతట తానే అప్‌డేట్ అయ్యి సర్వీసు మళ్లీ మొదలైంది. కంటైనర్లు వాటంతట అవే లేచేలా రీస్టార్ట్ పాలసీ మేం పెట్టలేదు, కాబట్టి అవి లేవలేదు. స్నాప్ తన పద్ధతి ప్రకారమే నడిచింది. ఆ పద్ధతి తెలుసుకోకుండా పరీక్షల సర్వర్ మీద దాన్ని అలాగే వదిలేసింది మేం. కంటైనర్లు లేపడానికి పట్టింది ఐదు నిమిషాలే, కానీ కారణం వెతకడానికి అరగంట పట్టింది. పరీక్ష మర్నాటికి వాయిదా వేశారు.

దానికంటే పెద్ద విషయం ఆ సాయంత్రం బయటపడింది. బ్యాకప్ ఒకసారి చూద్దామని తెరిచాను. రాత్రి పూట నడిచే స్క్రిప్టు డాకర్ డేటాని దాని మామూలు చోటు నుంచి, అంటే వార్ కింద లిబ్ కింద డాకర్ అనే డైరెక్టరీ నుంచి కాపీ చేస్తోంది. స్నాప్‌గా వచ్చిన డాకర్ తన డేటాని అక్కడ పెట్టదు. వార్ కింద స్నాప్ అనే డైరెక్టరీలో తన సొంత వాటాలో పెడుతుంది. ఏడాదిగా మా బ్యాకప్ ప్రతి రాత్రీ ఒక ఖాళీ డైరెక్టరీని శ్రద్ధగా కాపీ చేస్తూ, పని విజయవంతం అని లాగ్‌లో రాస్తోంది. డిస్క్ పోయి ఉంటే ఏడాది మార్కులన్నీ పోయేవి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు నుంచి మార్చినవి: డేటాబేస్‌ని డంప్ తీసి ఆ ఫైలునే బ్యాకప్ చేయడం, ప్రతి నెలా ఒక బ్యాకప్‌ని వేరే సిస్టమ్ మీద నిజంగా తెరిచి చూడడం, కంటైనర్లన్నిటికీ రీస్టార్ట్ పాలసీ పెట్టడం. సంక్రాంతి సెలవుల్లో డాకర్‌ని ఆప్ట్ ద్వారా వచ్చేదానికి మార్చి, వెర్షన్‌ని హోల్డ్‌లో పెట్టాం. పాత స్నాప్ తీసేటప్పుడు ఒక జాగ్రత్త. తీసేసే ముందు స్నాప్‌డీ దాని డేటాకి ఒక స్నాప్‌షాట్ తీసి 31 రోజులు దాచుతుంది. పొరపాటున తీసేసినవాళ్లకి అది ప్రాణం పోసినట్టే, కానీ కంటైనర్ల డేటా పెద్దదైతే డిస్క్ నిండిపోతుంది. ముందే చోటు చూసుకోండి.

అదే సర్వర్ మీద, వెబ్‌సైట్ భద్రతా సర్టిఫికెట్లు తెచ్చే సర్ట్‌బాట్ ఇప్పటికీ స్నాపే. దాని డెవలపర్లు సిఫారసు చేసే దారి అదే. సర్టిఫికెట్ గడువు చూడటానికి రోజుకి రెండు సార్లు లేచి తన పని చూసుకుని పడుకుంటుంది. మధ్యలో అప్‌డేట్ అయితే ఎవరికీ నష్టం లేదు. కోహా డెబ్‌గానే ఉంది, దాని ప్రాజెక్టు వాళ్లే డెబ్‌లు ఇస్తారు, అప్‌గ్రేడ్ మేం ఎంచుకున్న ఆదివారం చేస్తాం.

2023 సెప్టెంబరు, లిబ్‌వెబ్‌పీ

మూడుల్ సంగతికి రెండు నెలల ముందు జరిగినది ఇది. విడిగా చెప్పాల్సినది కాబట్టి ఇక్కడ పెట్టాను. వెబ్‌పీ బొమ్మలని చదివే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో ప్రమాదకరమైన లోపం బయటపడింది, దాని నంబరు సీవీఈ-2023-4863. బొమ్మ చూస్తే చాలు సిస్టమ్ చేజారే రకం. అప్పటికే దాన్ని దాడులకి వాడుతున్నారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఒకటి రెండు రోజుల తేడాతో సవరణలు విడుదల చేశాయి.

మెస్సు వైపు పని పావుగంటలో అయిపోయింది. ఆప్ట్‌లో లిబ్‌వెబ్‌పీ ప్యాకేజీ ఒక్కటి మారింది, దాన్ని వాడుకునే డెబ్ ప్రోగ్రాములన్నీ బాగుపడ్డాయి. ఫ్లాట్‌ప్యాక్‌లో రన్‌టైమ్‌లో ఉన్న లిబ్‌వెబ్‌పీ వాడేవి రన్‌టైమ్ అప్‌డేట్‌తో బాగుపడ్డాయి. అక్కడే ఆ మధ్య పొర విలువ కనిపించింది.

మిగిలినవి ఎలక్ట్రాన్ అప్లికేషన్లు. ఎలక్ట్రాన్ అంటే ప్రతి అప్లికేషన్ లోపలా ఒక పూర్తి క్రోమియం బ్రౌజర్. లిబ్‌వెబ్‌పీ విడి ఫైలుగా ఉండదు, ఆ పెద్ద బైనరీలోనే కలిసిపోయి ఉంటుంది. డిస్క్ మీద ఫైలు పేరుతో వెతికితే దొరకదు. అందుకని ఒక నోట్‌బుక్ తీసి, మా ల్యాబులో ఉన్న ప్రతి ఎలక్ట్రాన్ అప్లికేషన్ పేరు, దాని లోపల ఏ ఎలక్ట్రాన్ వెర్షన్, సవరించిన వెర్షన్ వచ్చిందా అని రాసుకుంటూ పోయాను. కోడ్ ఎడిటర్‌కి వెంటనే వచ్చింది. ఇంకొన్నిటికి వారాలు పట్టింది. ఒక సర్క్యూట్ సిమ్యులేటర్ యాప్‌ఇమేజ్ ఉంది, ఒక లెక్చరర్‌కి చాలా ఇష్టమైనది. దాన్ని తయారు చేసినవాళ్లు ఎప్పుడో వదిలేశారు. దాన్ని తీసేశాను. "సార్, బాగానే పనిచేస్తోంది కదా," అన్నారాయన. పనిచేస్తోంది నిజమే. లోపల ఉన్నదాన్ని బాగుచేసేవాడు లేడు.

ఈ వ్యవహారం మొత్తంలో నాకు బాగా అర్థమైనది ఇదే. లైబ్రరీల బాధ్యత మాయమవదు, చేతులు మారుతుంది. డెబ్ అయితే ఆ భారం పంపిణీ నడిపేవాళ్ల భద్రతా బృందానిది. క్యారేజీ అయితే కట్టినవాడిది. కట్టినవాడు ఎవరో, ఇంకా పనిలో ఉన్నాడో లేదో తెలుసుకోవలసినది నేను.

ఒకే గుండిగకీ ప్రమాదం ఉంది, అదీ చెప్పాలి. 2024 మార్చి చివర్లో ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని దొంగ దారి పెట్టారని తేలింది. ఉబుంటు స్థిరమైన విడుదలల దాకా అది రాలేదు. వచ్చి ఉంటే అందరూ వాడే ఆ ఒక్క లైబ్రరీ ద్వారా అన్నిట్లోకీ వచ్చి ఉండేది. క్యారేజీ కొట్లలోనూ నకిలీలు దొరికాయి. 2018 మేలో ఒక స్నాప్‌లో క్రిప్టో నాణేలు తవ్వే ప్రోగ్రాము దాచిపెట్టి దొరికింది. కొట్టులో ఉంది కాబట్టి మంచిదే అనుకోకూడదు. కట్టినవాడు అసలు ప్రాజెక్టు మనిషేనా అని చూస్తున్నాం.

కంచె గురించి ఒక్క మాట. ఫ్లాట్‌ప్యాక్ అంటే సురక్షితం అని చాలామంది అనుకుంటారు. ప్యాకేజీ అడిగే అనుమతులు చూడండి. హోమ్ మొత్తం చదవాలి, రాయాలి అని అడిగితే అక్కడ కంచె ఉన్నా లేనట్టే. పైగా తెర మీద కిటికీలు చూపించే పాత పద్ధతి ఎక్స్11 సెషన్‌లో ఒక ప్రోగ్రాము పక్క ప్రోగ్రాములో కొట్టే మీటలని వినగలదు. మా సిస్టమ్‌లలో కొత్త పద్ధతి వేలాండ్ నడిచే వాటిని దానికి మార్చాను, అనవసరమైన హోమ్ అనుమతులని ఓవర్‌రైడ్‌తో తీసేశాను. రెండు అప్లికేషన్లు విరిగాయి, వాటికి డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఒక్కటి ఇస్తే సరిపోయింది.

ఇప్పుడున్న ఏర్పాటు

2024 జనవరిలో మొజిల్లా తన సొంత ఆప్ట్ భాండాగారం నుంచి ఫైర్‌ఫాక్స్ డెబ్ ఇవ్వడం మొదలుపెట్టింది. ల్యాబులన్నీ దానికి మార్చాం, ఉబుంటు గుమ్మం ప్యాకేజీ మళ్లీ దూరకుండా పిన్ చేశాం. ఆ భాండాగారం హెచ్‌టీటీపీఎస్ కాబట్టి కేషర్‌లో కొంచెం రీమ్యాప్ రాయాల్సి వచ్చింది. ఇప్పుడు 64 సిస్టమ్‌లకీ బయటి నుంచి ఒక్కసారే దిగుతోంది. పాత హార్డ్ డిస్క్ సిస్టమ్‌ల ముందు కూర్చునేవాళ్లకి ఇది బాగా తెలిసింది.

కైక్యాడ్, లిబ్రేఆఫీస్ లాంటి కొత్త వెర్షన్ కావలసినవి ఫ్లాట్‌ప్యాక్. రన్‌టైమ్‌లు రెండు మూడు రకాలు పోగయ్యాయి, డిస్క్ తింటాయి. వాడనివాటిని నెలకోసారి ఊడ్చేస్తాం. ఫ్రీడెస్క్‌టాప్ రన్‌టైమ్ ఒక్కో వెర్షన్‌కి మద్దతు రెండేళ్లే. గడువు దాటిన రన్‌టైమ్ మీద నిలబడ్డ అప్లికేషన్ ఉంటే అప్‌డేట్ సమయంలో హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరిక వచ్చిన రోజే దాని పేరు నోట్‌బుక్‌లోకి ఎక్కుతుంది.

24.04ని రెండు సిస్టమ్‌ల మీద పరీక్షిస్తున్నాం. అక్కడ మామూలు యూజర్లు కొత్త నేమ్‌స్పేస్‌లు (ప్రోగ్రాముని విడిగా ఉంచే గదుల్లాంటివి) తయారు చేసుకోవడాన్ని యాప్‌ఆర్మర్ కట్టడి చేస్తుంది. దాంతో ఎలక్ట్రాన్‌తో చేసిన యాప్‌ఇమేజ్‌లు సాండ్‌బాక్స్ గురించి ఫిర్యాదు చేస్తూ తెరుచుకోవు. సాండ్‌బాక్స్ లేకుండా నడిపే ఆప్షన్ ఇచ్చేయమని చాలామంది సలహా ఇస్తారు. అలా చేయకండి. బ్రౌజర్ లోపలి గోడ తీసేసినట్టవుతుంది. ఆ ఫైలు దారికి ఒక చిన్న యాప్‌ఆర్మర్ ప్రొఫైల్ రాసి, నేమ్‌స్పేస్ అనుమతి అక్కడికే పరిమితం చేశాం. నాలుగు లైన్ల పని.

యాప్‌ఇమేజ్‌లు ఎన్‌ఎఫ్‌ఎస్ ఫోల్డర్‌లో తప్ప ఇంకెక్కడా ఉంచడం లేదు. విద్యార్థులు డౌన్‌లోడ్స్‌లో దించుకునేవి ఉన్నాయి, వాటిని ఆపలేను, ఆపాలని కూడా లేదు. మా ఫోల్డర్‌లో ఉన్న ప్రతి దానికీ నోట్‌బుక్‌లో మూడు గళ్లు: ఎవరు కట్టారు, చివరి విడుదల ఎప్పుడు, మా కాలేజీలో దాని బాధ్యత ఎవరిది. ప్రస్తుతం ఏడు యాప్‌ఇమేజ్‌లున్నాయి. ఐదింటికి మూడో గడిలో ఒక లెక్చరర్ సంతకం ఉంది. మిగతా రెండింటికీ ఎవరూ ముందుకు రాలేదు. వచ్చే సెమిస్టర్ మొదటి రోజుకల్లా సంతకం రాకపోతే ఫోల్డర్ నుంచి తీసేస్తామని రెండు డిపార్ట్‌మెంట్లకీ నోటీసు ఇచ్చాను.